మూడు చుక్కల దారి

ఒకటి. రేవు

కొండెక్కే ప్రతి జట్టులో ఒకరు దారిచిట్టా రాయాలని మా విశ్వాసుల సహవాసం నియమం. ఈ జట్టుకు రాసేది జక్కరయ్య అనే నేను. నన్ను ఏ బడీ బోధకుణ్ణి చేయలేదు. తాడు పేనుకుంటూ, వాక్యం చదువుకుంటూ, చదివినది ఊరి మధ్య నిలబడి అరుచుకుంటూ అయ్యాను. జట్టంటే ఇద్దరం, ఒక గాడిద. రెండో మనిషి మా అన్న భార్య సలోమి వదిన. గాడిద పేరు పెద్దయ్య. సహవాసం పెద్దల మీది కోపంతో వదినే ఆ పేరు పెట్టింది.

ఈరోజు తెప్ప మీద ముంపు దాటాం. వదిన ఒళ్ళో జీపీఎస్ పెట్టె ఉంది. కింద నీళ్ళు, తెర మీద ఊరు. పెట్టెలోని పటం ముంపుకు ముందు కాలానిది, దానికి నీళ్ళ సంగతి తెలియదు. మా బాణం బస్టాండు దాటింది. మార్కెట్ వీధిలోంచి పోయింది. ఆస్పత్రి గోడ వెంట సాగింది. తెప్పవాడి గడ దేనికో తగిలి టక్కుమంది. వదిన తెర చూసి, "బడి కప్పు," అంది.

కొత్త పటంలో ఈ కొండలే లేవు. జనాన్ని ఖాళీ చేయించిన ఏడాది ఈ భాగమంతా పచ్చరంగు పూసి, దారులు చెరిపేశారు. ఇప్పటి బళ్ళు ఆ పచ్చ అంచు దగ్గర వాటంతటవే ఆగిపోతాయి. కానీ దిగిరానివాళ్ళు కొందరు పైనే మిగిలారు. పటంలో లేరు కాబట్టి వాళ్ళకు జ్వరం రాదా? ఉప్పు అక్కర్లేదా? వాళ్ళకు ఉప్పూ మందులూ మోసేది మేమే. మాకు దారి చూపేవి ఈ పాత పెట్టెలే. చెరిపే చేతులు పుట్టక ముందు గీసిన పటాలివి అని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో!

వానలకు ముందు మా అన్న ఇస్సాకు ఇలాగే ఉప్పుతో, మందుల డబ్బాతో పైనున్న గుమ్మిగూడకు గాడిదను తోలుకుని ఒక్కడే బయలుదేరాడు. తిరిగి రాలేదు. మందులు అమ్ముకుని పట్నం పారిపోయాడని పెద్దలు తేల్చారు. ఆయన పేరు సహవాసంలోంచి కొట్టేశారు. ఆయన వెనకే వెళ్ళాల్సిన జట్టును ఆపేశారు.

రేవులో గాడిదకు సామాను కడుతూ వదిన అంది: "సచ్చిపోనాడని తేల్తే ఏడుస్తాను మరిదీ. పారిపోనాడని తేల్తే తిడతాను. ఏదో ఒకటి తేల్చీ. ఇలగ మధ్యన ఉండలేను."

"దేవుడు తేలుస్తాడు వదినా."

"ఆయనకి సెప్పు మరి, తొందరగా తేల్చమని. నీకు రోజూ మాటలున్నాయి కదా ఆయన్తోటి."

రెండు. ఎలుగుమెట్ట, దారి చీలిక

ఇక్కడ దారి రెండుగా చీలుతుందని పటం చెబుతోంది. నేల మాత్రం ఏమీ చెప్పదు. తుప్పలు, ఈత పొదలు, నడుము దాకా గడ్డి.

ఇక్కడే వదినకూ నాకూ తగువు వచ్చింది. ఆకాశంలో పాత ఉపగ్రహాలు, మా జనం మాటలో చుక్కలు, ఒకప్పుడు ముప్పై దాకా ఉండేవట. ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇప్పుడు ఏ వేళ చూసినా పెట్టెకు మూడే దొరుకుతాయి. నాలుగోది రోజులో కాసేపు తొంగిచూసి వెళ్ళిపోతుంది. దాని కోసం కొండవాలులో కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. అందుకే సహవాసం ఒక నియమం పెట్టుకుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ఏ సంగతైనా స్థిరపడుతుందని వాక్యం ఉంది కదా! మూడు చుక్కలు కనబడితే నడవాలి. నాలుగోదాన్ని అడగడం అవిశ్వాసం.

"మూడు వచ్చాయి వదినా, పద," అన్నాను.

ఆమె బండ మీద కూర్చుంది. "నాలుగోది రానీ."

"నియమం..."

"నియమం నీ పెద్దలకి సెప్పు. ఈ పెట్టె పేగులు బాగుసేసింది నేను. నాలుగోది ఎత్తు సెప్తాది మరిదీ. అది లేకపోతే పెట్టెకి మనం ఎంత ఎత్తున ఉన్నామో తెలీదు. సివరాకరికి తెలిసిన ఎత్తునే పట్టుకుని కూకుంటాది. మనం కొండెక్కేసినా అది ఇంకా ఏటి ఒడ్డునే ఉన్నాననుకుంటాది. ఆ తేడాకి బాణాన్ని పక్కకి తోసేస్తాది."

"బాణం రోడ్డు మీదే ఉంది కదా! కళ్ళుండీ చూడవా?"

"బాణం రోడ్డు మీదుంది. నువ్వున్నావా?"

నాకు ఒళ్ళు మండింది. విశ్వాసం గురించి, అరణ్యంలో సణిగి నశించినవారి గురించి గట్టిగానే చెప్పాను. వదిన విన్నది. గాడిద పడుకుంది. "పెద్దయ్య కూడా నా పక్షమే," అంది వదిన. పూర్వం ఒక ప్రవక్త గాడిద, ఆయనకు కనబడని దేవదూతను చూసి, ఇలాగే దారిలో పడుకుందని గుర్తొచ్చింది. ఆ సంగతి మీద ఎన్నోసార్లు ప్రసంగించినవాణ్ణి, అయినా కర్ర ఎత్తాను. వదిన చూసిన చూపుకు దించాను.

ఎండ నడినెత్తి దాటాక నాలుగోది వచ్చింది. తెర మీద బాణం ఉలిక్కిపడి పక్కకు దూకింది. నేను రోడ్డు మధ్య నిలబడ్డాననుకున్న చోటు రోడ్డే కాదు. అసలు దారి మాకు తూర్పున, కూతవేటు దూరంలో ఉంది. తుప్పలు నరుక్కుంటూ వెళితే కాలికి కంకర తగిలింది.

"ఈ పెట్టె ఎప్పుడూ కాస్త వణుకుతుంది," అన్నాను.

వదిన వంగి ఒక కంకరరాయి తీసి నా చేతిలో పెట్టింది.

మూడు. గుమ్మిగూడ

పదిహేను గుడిసెలు. ఉప్పు బస్తా దించగానే పిల్లలు వేళ్ళు తడుపుకుని అద్దుకుని నాకారు. ఊరి పెద్దావిడ బిడ్డిక ఆడెమ్మ మాకు జావ పోసింది.

"ఇస్సాకయ్య ఇటు రాలేదు బాబూ," అంది. "వానలకి ముందు వస్తాడని ఎదురుసూసినాం. జొరాలొచ్చినాయి. ఇద్దరు పసోళ్ళు పోనారు. ఆయన మాత్రం రాలేదు."

వదిన గిన్నె కింద పెట్టేసింది. ఆమె ముఖం చూడలేక నేను జావలోకి చూస్తున్నాను. రాలేదంటే, పారిపోయాడన్న పెద్దల మాటకే బలం వస్తుంది.

ఆడెమ్మ ఇంకా ఏదో చెప్పాలని తటపటాయించింది. "ఒక మాట అంటే తప్పుగా అనుకోకండి. ఆ రోజుల్లో కొండ సప్పుడు సేసినాది."

"ఏం చప్పుడు?"

"రాయి మీద రాయి పెట్టినట్టు. టక్కుమని. కాసేపాగి మళ్ళీ టక్కుమని. కొన్ని రోజులు అలాగే. పొద్దుగూకితే ఆగిపోయేది, తెల్లారితే మళ్ళీ మొదలు. పూర్వం గనులోళ్ళు కొండని కోసి గోతులు తవ్వినారు కదా, అందులో సచ్చినోళ్ళు ఇంకా పని సేస్తన్నారనుకున్నాం. ఎవులూ పోలేదు."

"ఎటువైపు?"

ఆమె చేయి ఒక దిక్కుకు లేచి, మరో దిక్కుకు తిరిగి, ఒళ్ళో పడింది. "ఈ లోయల్లో సప్పుడికి దిక్కుంటాదా తల్లీ?"

వదిన లేచి బయటికి వెళ్ళింది. చాలాసేపు కొండల వైపు తిరిగి నిలబడింది. మా అన్న కొండవాలుల్లో మెట్టపొలాలకు రాతిగట్లు కట్టేవాడు. రాయి మీద రాయి పెట్టిన చప్పుడు వింటూ ఆమె కాపురం చేసింది.

నాలుగు. మళ్ళీ రేవు

నాకు ముందు అర్థం కాలేదు. అంత దూరం దిగి మళ్ళీ నీళ్ళ దగ్గరికి ఎందుకు తెచ్చిందని దారంతా అడుగుతూనే ఉన్నాను. రేవులో పెట్టెను నేల మీద పెట్టి, దాని పాత లెక్కలన్నీ తుడిచేసి, మొదటినుంచి వెలిగించింది.

"మీ అన్న ఇక్కడ వెలిగించినాడు. నాలుగోది ఇక్కడ దొరికుంటాది, పెట్టెకి ఏటి ఒడ్డు ఎత్తు తెలిసుంటాది. తరవాత కొండెక్కినాడు. చీలిక కాడికి ఎల్లీసరికి పొద్దువాలుంటాది, మూడే ఉంటాయి. మీ నియమం పెకారం ఆగడు. ఆగుతాడా?"

"ఆగడు," అన్నాను. మా అన్నంత విధేయుడు సహవాసంలో లేడు.

"మనం నాలుగింటితోటి సరైన దారంట ఎల్లినాం. అందుకే ఆయన కనబళ్ళేదు. తప్పుదారిన ఎల్లినోడు సరైన దారిలో ఎలా కనబడతాడు? ఆయన తప్పు మనమూ సెయ్యాల. అదే తప్పు, అచ్చు అలాగే. అప్పుడు ఆ మూడూ పొద్దువాలే యేళ ఉండేవి. ఈ సుక్కలు రోజూ కాస్త ముందుకి జరుగుతాయి, ఇప్పుడవే మూడూ పొద్దున ఉంటన్నాయి. ఏటి ఎత్తు పెట్టుకుని, ఆ మూడింటితోటి, పొద్దున్నే చీలిక కాడ ఉండాల."

నేను లేచాను. ఒంటరి రేవులో, ఒక ఆడమనిషికీ ఒక గాడిదకూ ప్రసంగం చేశాను. "అబద్ధమని తెలిసీ దాని వెంట నడవమంటావా? గుడ్డివాడు గుడ్డివాణ్ణి నడిపిస్తే ఇద్దరూ గోతిలో పడరా?"

"మూడు సాలని నువ్వే కదా అరిసినావు. ఇప్పుడు నడమంటే ఏటి, కాళ్ళు వణుకుతన్నాయా?"

నిన్నటిదాకా నేను విశ్వాసమన్నదాన్ని ఈరోజు నా నోటితో నేనే అబద్ధమన్నాను. ఎవరూ నన్ను ఓడించలేదు. నా మాటే నాకు ఎదురొచ్చింది.

ఐదు. ఎలుగుమెట్ట పడమటి వైపు

పొద్దున చీలిక దగ్గర మూడు చుక్కలు దొరికాయి. బాణం రోడ్డు మీద కూర్చుంది. నేల మీద రోడ్డు లేదు. నడిచాం.

ఈ నడక గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. చెట్టు కాండానికి భుజం ఆనించి నిలబడితే రోడ్డు నడిబొడ్డున ఉన్నానని తెర చెప్పింది. వాగులో మోకాలి లోతున ఉంటే వంతెన మీద ఉన్నానంది. ఎక్కడా తడబడలేదు. ఇంత నిమ్మళంగా అబద్ధం చెప్పే నోటిని నేను చూడలేదు. ఇంకా భయంకరమైనది చెప్పనా? కాసేపటికి నాకు ఆ రోడ్డు కనబడసాగింది. పాత గనులవాళ్ళు కొండను మెట్లుమెట్లుగా కోసిన చదును అక్కడ మొదలవుతుంది. గడ్డి కింద నేల బండి వెళ్ళేంత వెడల్పుగా, సమంగా సాగుతుంది. కాలికి హాయిగా ఉంది. "చూశావా వదినా, దారే!" అని కేక వేశాను. ఎందుకు వచ్చామో మరచిపోయి కేక వేశాను.

వదిన వెనకబడింది. ఒక మానును ముట్టుకుని నిలబడింది. దాని మీద కత్తిగాటు, మానిపోయి పెదవిలా ఉబ్బిన గాటు. "ఎవులో కొమ్మ నరుక్కుని ఎల్లినారు," అంది మెల్లగా.

నేను ఆగలేదు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. గడ్డి ఛాతీ దాకా లేచింది. బాణం ముందుకు, రోడ్డు ముందుకు, నేనూ ముందుకు. మోకాలు దేనికో గట్టిగా తగిలి, చేతులు చాచి దాని మీద బోర్లా పడ్డాను. పెట్టె చేతిలోంచి జారి అవతల పడింది. పడిన చప్పుడు రాలేదు. చాలాసేపటికి, ఎంతో కింద, చిన్నగా వచ్చింది.

నేను ఒక గోడ మీద పడి ఉన్నాను. గోడకు అవతల గాలి. కొండను నిలువునా కోసిన గొయ్యి, అడుగు కనబడనంత లోతు.

వదిన వచ్చింది. నన్ను లేపలేదు. గోడ ముందు కూలబడి చేత్తో తడిమింది. రాళ్ళు ఒకదానిలో ఒకటి కరుచుకుని ఉన్నాయి. ప్రతి వరసలో అక్కడక్కడ ఒక పొడుగు రాయి అడ్డంగా దిగి రెండు మొహాలనూ కట్టి పట్టింది.

"ఆయన సేతిపని," అంది.

గోడ కొస దగ్గర ఆయన ఉన్నాడు. గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎముకలు, చొక్కా. ఎడమ కాలికి రెండు పక్కలా కర్రలు పెట్టి, గాడిద సామాను బిగించే పట్టెడతో కట్టిన కట్టు. గోడలోనే చిన్న గూడు కట్టి అందులో మందుల డబ్బా పెట్టాడు. దాని మైనపు ముద్ర చెదరలేదు. వంగి చూస్తే కాస్త కింద, గనులవాళ్ళు కోసిన ఒక మెట్టు మీద, గాడిద ఎముకలు. ఉప్పు కరిగి ఇంకిన నేలను లేళ్ళు నాకినాకి గుంటలు చేశాయి.

గాడిదతోపాటు జారి ఉంటాడు. కాలు విరిగి, ఏ గట్టునో పట్టుకుని పైకి పాకి ఉంటాడు. పైకి వచ్చినవాడు చీలిక వైపు పాకలేదు. తన వెనక ఇంకో జట్టు రావాలని ఆయనకు తెలుసు. వాళ్ళు మూడింటితోనే వస్తారని తెలుసు. బాణాన్ని నమ్మి, తల వంచుకుని, సరిగ్గా ఇక్కడికే వస్తారని తెలుసు. మిద్దె కట్టినవాడు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుందని ధర్మశాస్త్రం. అందుకే కూర్చున్నచోటునుంచి చేయి అందిన రాయినల్లా లాక్కుంటూ కట్టుకుపోయాడు. ఆ జట్టు రాలేదు. పారిపోయినవాడి వెనక ఎందుకని పెద్దలు ఆపేశారు.

ఆయన ఆగిన కొసన గోడ పూర్తికాలేదు. మనిషి పట్టేంత సందు మిగిలింది.

నేను పెద్దగా ఏడుస్తూ అన్నను పాతిపెట్టడానికి చోటు చూడబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ముందు గోడ," అంది. "తరవాత మనిషి. ఆయన్ని అడిగినా అదే సెప్తాడు."

పొద్దు వాలేదాకా రాళ్ళు మోశాం. ఆమె పెట్టింది, నేను అందించాను. రాయి మీద రాయి పడినప్పుడల్లా చప్పుడు లోయల్లోకి వెళ్ళి తిరిగొచ్చింది. గుమ్మిగూడలో ఎవరో వింటూ ఉంటారు.

సందు మూసుకున్నాక ఆమె ఏడ్చింది.

ఆరు. సభ

మందుల డబ్బాను పెద్దల ముందు పెట్టాను. ముద్ర చూపించాను. ఇస్సాకు పేరును తిరిగి రాయమన్నాను. రాశారు. అందరూ లేచి నిలబడ్డారు. వదిన తల ఎత్తుకుని వింది.

తరవాత నియమం సంగతి ఎత్తాను. నా జన్మలో అంత వేడిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మూడు చాలవన్నాను. వాక్యం మనుషుల సాక్ష్యం గురించి చెప్పింది, ఆకాశంలో తిరిగే ఇనుము గురించి కాదన్నాను.

పెద్దలలో పెద్ద సమాధానంగారు ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడు కాడు. ఆయన మోకాళ్ళు కూడా ఈ కొండల్లోనే అరిగాయి.

"జక్కరయ్యా, మీ అన్నని మీకు సూపించినవి ఎన్ని?"

"మూడు. కానీ..."

"మూడు. దేవుడు ఆ మూడింటితోనే నడిపించాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?" సభలో స్తోత్రాలు లేచాయి. ఆయన చెయ్యెత్తి, గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. ఆ నాలుగోది ముసలిదైపోయింది. వచ్చే ఏడు ఉంటాదో ఉండదో. నాలుగు లేనిదే నడవకూడదంటే గుమ్మిగూడకి ఉప్పెవరు మోస్తారు? నువ్వు సెప్పు."

ఆడవాళ్ళ వైపునుంచి వదిన చెప్పింది.

"పెట్టెకి ఎత్తు సేత్తో కూడా ఇయ్యొచ్చు. నాలుగోది బతికుండగానే దారిపొడుగునా రాళ్ళ మీద ఎత్తు సెక్కేస్తే సాలు. రాయి కాడ ఆగి, ఆ అంకె పెట్టెలో కొట్టుకుని నడిస్తే మూడూ నాలుగవుతాయి."

"రాతిని నమ్మమంటావా అమ్మా?" అన్నాడు ఎవరో. కొందరు నవ్వారు.

"నా మొగుడు పేర్చినవి రాళ్ళే," అంది వదిన. నవ్వు ఆగింది. కానీ నియమం అలాగే నిలిచింది.

ఏడు. ఎలుగుమెట్ట, దారి చీలిక

వదిన బాగుచేసిన ఇంకో పాత పెట్టెతో రేవునుంచి ఇక్కడిదాకా చెక్కుకుంటూ వచ్చాం. నాలుగోది తొంగిచూసే కాస్త సేపటి కోసం రోజంతా కాచుకోవడం, ఎత్తు తీసుకోవడం, ఉలి పట్టడం. చీలిక దగ్గర నిలువు బండ మీద అంకె లోతుగా దించాం. ఇక్కడినుంచి పైదారి చెక్కడానికి వదిన పెద్దయ్యను తోలుకుని ముందుకు వెళ్ళింది. నేను ఉండిపోయాను. మూడింటితో వచ్చేవాళ్ళను ఆపడానికి నాకున్నది గొంతు ఒక్కటే.

ఈరోజు మొదటి జట్టు వచ్చింది. అయిదుగురు, నాలుగు గాడిదలు. ముందు నడిచేది సమాధానంగారి అల్లుడు ఎజ్రా. దూరంనుంచే గంటలు వినిపించాయి. దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఎజ్రా, ఆగు. ఈ రాతి మీది ఎత్తు పెట్టెలో కొట్టుకో. అప్పుడు నడు."

"మూడు దొరికాయి బాబాయ్. తప్పుకో."

"పడమట గొయ్యి ఉందిరా!"

"నాకు రోడ్డు కనబడతంది తెర మీద. ఇదిగో సూడు." నవ్వుతూ చూపించాడు. "మూడు సాలని నాకు నేర్పింది నువ్వే. వారం మొత్తం ప్రసంగం చేసినావు, నేను ముందు వరసలో కూకున్నాను. ఇప్పుడు ఇంకోలా అంటన్నావు. ఏ జక్కరయ్యని నమ్మమంటావు?"

అరిచాను. బతిమాలాను. చొక్కా పట్టుకున్నాను. వాడు నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు, కోపం లేకుండా, పెద్దవాణ్ణి నొప్పించకుండా. అయిదుగురూ నన్ను దాటి పడమటికి తిరిగారు. గడ్డి వాళ్ళ మీద మూసుకుంది.

వాళ్ళ వెనక పరుగెత్తలేదు. గొంతు పోయింది. బండ పక్కన కూర్చుని గంటలు వింటూ ఉన్నాను. అవి దూరమయ్యాయి. సన్నబడ్డాయి. ఇప్పుడు వాగులో ఉంటారు. ఇప్పుడు చదును మీద ఉంటారు, కాలికి హాయిగా ఉంటుంది. ఇప్పుడు గడ్డి ఛాతీ దాకా ఉంటుంది, తెర మీద రోడ్డు తిన్నగా ఉంటుంది. "అన్నా!" అన్నాను. ప్రార్థన అనుకుని మొదలుపెట్టినదాంట్లో ఆ ఒక్క మాటే ఉంది.

గంటలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

ఎంతసేపో తెలియదు. తరవాత ఒక గంట మోగింది. మరొకటి. లెక్కపెట్టాను. నాలుగూ మోగాయి. దగ్గరవుతున్నాయి.

ఎజ్రా గడ్డిలోంచి బయటికి వచ్చాడు. వెనక అయిదో మనిషి దాకా చూశాను, అందరూ ఉన్నారు. గోడకు తగిలి వాడి మోకాలు చిట్లి, కాలి మీదికి నెత్తురు కారుతోంది. నా ముఖంలోకి చూడలేదు. బండ ముందు కూర్చుని పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. వేలు మీటల మీద పెట్టాడు.

"ఎత్తెంత?" అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. వాడి చెయ్యి పట్టుకుని రాతి మీది అంకె మీద పెట్టాను.